ఈల ఊదని కోచ్

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. 34 ఏళ్ళు ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసినవాణ్ణి కనుక టైము చూసుకోవడం నాకు తెలుసు. అయితే నా సర్వీసంతా ఈలతో గడిచింది గాని మైకుతో కాదు. తప్పులు దొర్లితే మన్నించండి.

ఇవాళ డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చే దానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తీర్పు చెప్పింది. ప్రతి ఏడూ ఈ మాట చెప్పుకుంటాం, చప్పట్లు కొడతాం. పెన్షన్ చేసిన సేవకు ప్రతిఫలమైతే, ఆ సేవ మనం ఎలా చేశాం అని కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలి కదా? నా మటుకు నేను అలా చూసుకునేలా చేసింది అమెరికాలోని ఒక చిన్న కాలేజీ ఫుట్‌బాల్ జట్టు. ఆ సంగతే చెబుతాను.

2012 సెప్టెంబరులో నేనూ మా ఇంటావిడా మిన్నియాపొలిస్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. అక్కడ మన పరిస్థితి మీలో చాలామందికి తెలిసిందే. పొద్దున కాఫీ అయ్యాక వాళ్ళిద్దరూ ఆఫీసుకి, పిల్లలు బడికి. మనం కిటికీ దగ్గర కుర్చీకి. నా అవస్థ చూసి మా అబ్బాయి తన ఆఫీసులో పనిచేసే ఒకాయన్ని ఇంటికి పిలిచాడు. ఆయన కాలేజీ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడినవాడు. ఇద్దరికీ ఆట గురించి మాట్లాడుకోవచ్చునని వాడి ఆలోచన.

తీరా చూస్తే ఆయన ఫుట్‌బాలు వేరు, నా ఫుట్‌బాలు వేరు. మనం కాలితో ఆడేదాన్ని వాళ్ళు సాకర్ అంటారు. వాళ్ళ ఫుట్‌బాలులో బంతి కోలగా ఉంటుంది, చేత్తో పట్టుకుని పరిగెడతారు. తలకి హెల్మెట్టు, భుజాలకి దళసరి మెత్తలు. జట్టుకి పదకొండు మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలైనా ముందుకి పోవాలి, లేకపోతే బంతి ఎదుటివాళ్ళదవుతుంది. బంతి పట్టుకున్నవాణ్ణి ఎదుటి పక్షం ఒడిసి పట్టి కింద పడెయ్యాలి. నన్నడిగితే అది మన ఫుట్‌బాలు కంటే కబడ్డీకే దగ్గర చుట్టం.

ఆయన చదివిన కాలేజీ పేరు సెయింట్ జాన్స్. మిన్నియాపొలిస్‌కి దాదాపు 80 మైళ్ళ దూరంలో కాలేజ్‌విల్ అనే ఊళ్ళో ఉంది. బెనెడిక్టైన్ సన్యాసులు స్థాపించిన మగపిల్లల కాలేజీ. విద్యార్థులు రెండు వేల లోపే. ఆటలో మూడో డివిజను. ఆ డివిజనులో ఆటగాళ్ళకి ఆట పేరు చెప్పి స్కాలర్‌షిప్పు ఒక్క డాలరు కూడా ఇవ్వరు. చదువుకోవడానికి వచ్చిన పిల్లలు ఇష్టం కొద్దీ ఆడవలసిందే.

ఆ జట్టు కోచ్ పేరు జాన్ గలార్డీ. 1926లో కొలరాడో రాష్ట్రంలో ట్రినిడాడ్ అనే ఊళ్ళో ఒక ఇటాలియన్ కుటుంబంలో పుట్టారు. 1943లో ఆయన హైస్కూల్లో ఉండగా వాళ్ళ కోచ్‌ని యుద్ధానికి పిలిచారు. జట్టు రద్దు చేసేద్దామనుకుంటున్నారు బడివాళ్ళు. అప్పుడు పదహారేళ్ళ ఈ కుర్రాడు, జట్టు కెప్టెను, నేను నడుపుతాను ఉంచండి అని బతిమాలాడు. ఆ పాత కోచ్ హయాంలో తనకి ఏవేవి బాధ అనిపించాయో వాటన్నిటినీ ముందు తీసేశాడు. ఆ రోజుల్లో ప్రాక్టీసు మధ్యలో నీళ్ళు తాగితే ఒంటికి మంచిది కాదని తాగనిచ్చేవారు కాదట. ఈ అబ్బాయి నీళ్ళు తాగనిచ్చాడు. జట్టు గెలవడం మొదలుపెట్టింది.

ఆ నీళ్ళ మాట దగ్గర నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకో తరవాత చెబుతాను.

1953లో, 26 ఏళ్ళ వయసులో ఆయన సెయింట్ జాన్స్‌కి వచ్చారు. పదవి వదిలి వెళుతున్న కోచ్, ఇక్కడ ఎవరి వల్లా గెలవడం కాదని హెచ్చరించి మరీ వెళ్ళారట. ఆ మొదటి ఏడాదే వాళ్ళ కాన్ఫరెన్సులో మొదటి స్థానం దక్కింది. అప్పట్నించి 2012 దాకా అదే కాలేజీ. ట్రాన్స్‌ఫర్ లేదు, డెప్యుటేషన్ లేదు. అంతకుముందు మోంటానాలోని కారల్ కాలేజీలో చేసిన నాలుగేళ్ళూ కలిపితే కాలేజీ కోచ్‌గా 64 సీజన్లు. మనకి 58 నిండగానే దండ వేసి, శాలువా కప్పి పంపించేశారు. ఆయన 86 ఏళ్ళ దాకా గ్రౌండులోనే ఉన్నారు. ఈ ముక్క మాత్రం ప్రభుత్వం చెవిన పడనివ్వకండి, పెన్షన్ ఇవ్వక్కర్లేదని మనల్నీ 86 దాకా పనిచేయిస్తారు!

ఇంతకీ ఆయన పద్ధతి ఏమిటంటే, అన్నీ ‘లేదు’లే. ప్రాక్టీసులో ఈల లేదు. గ్రౌండు చుట్టూ రౌండ్లు లేవు. బస్కీలు లేవు. తప్పనిసరిగా బరువులెత్తడం లేదు. ప్రాక్టీసులో ఒకళ్ళనొకళ్ళు పడెయ్యడం అసలే లేదు. గంటన్నర దాటి ప్రాక్టీసు లేదు. జట్టులో చేరతానన్నవాణ్ణి పనికిరావని పంపించడం లేదు, అందుకని జట్టులో నూట యాభై మందికి పైగా ఉండేవారు. ఆఖరి సంవత్సరం పిల్లలంతా వంతులవారీగా కెప్టెన్లే. దోమలు ఎక్కువగా ఉంటే ప్రాక్టీసు బయట లేదు. ఆయన్ని ‘కోచ్’ అని పిలవడం కూడా లేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడైనా ‘జాన్’ అని పేరు పెట్టి పిలవవలసిందే. నన్ను నా విద్యార్థి పేరు పెట్టి పిలిస్తే ఆ సాయంత్రానికి వాడి టి.సి. వాడి చేతిలో పెట్టించేవాణ్ణి.

రూలు ఒక్కటే. ఎదుటివాడు నీతో ఎలా ఉండాలని కోరుకుంటావో నువ్వూ వాడితో అలాగే ఉండు.

ఇంకో విచిత్రం. ప్రాక్టీసు మొదట్లో ఒక ‘డ్రిల్లు’ ఉందట. అందరూ గడ్డి మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం చూస్తూ, పక్కవాడితో “ఇవాళ ఎంత బాగుందో కదా” అనాలి. అంతే డ్రిల్లు! నేను నవ్వాపుకోలేకపోయాను. ఇలాంటి జట్టు గెలిచిందా అని అడిగాను. ఆయన కూడా నవ్వి 2003 సీజను సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ ఏడాది జట్టులో ఆయన ఉన్నాడు. మొదటి వరసలో కాదు, బెంచి మీద.

ఆ సీజను మొదలయ్యేటప్పటికి గలార్డీ గారి ఖాతాలో 400 విజయాలున్నాయి. అమెరికా కాలేజీ ఫుట్‌బాలులో అప్పటికి అందరికన్నా ఎక్కువ 408. అది లూసియానాలోని గ్రాంబ్లింగ్ కాలేజీ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ గారిది. ఆయన నల్లజాతివారు. దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు నల్లపిల్లల్ని గుమ్మం కూడా తొక్కనివ్వని రోజుల్లో, 1941లో మొదలుపెట్టి 1997 దాకా అదే కాలేజీలో జట్లని తయారుచేసిన మహానుభావుడు. ఆ రికార్డు దాటడమంటే మాటలు కాదు.

2003లో సెయింట్ జాన్స్ వరసగా ఎనిమిది ఆటలు గెలిచింది. లెక్క 408కి సరిపోయింది. నవంబరు 8న తొమ్మిదో ఆట, సొంత మైదానంలో, బెథెల్ అనే కాలేజీతో. ఆ స్టేడియం నేను చూశాను. చుట్టూ పైన్ చెట్లు, మధ్యలో మూకుడులా పల్లపు నేల. రెండు వేల మంది లేని ఆ కాలేజీలో ఆ రోజు 13,107 మంది జనం. ఆట ఆఖరిదాకా ఊపిరి సలపనివ్వలేదు. 29–26తో గెలిచారు. 409. ఆయనకి అప్పటికి వారం కిందటే 77 నిండాయి. మన బెంచి మీది మిత్రుడు ఆ రోజు ఒక్క నిమిషం కూడా ఆడలేదు. కాని ఆ 29లో నాకూ వాటా ఉంది అన్నాడు. అలా అనేటప్పుడు ఆయన మొహంలో మొహమాటం లేదు. నిజంగానే అనుకుంటున్నాడు.

పదో ఆటా గెలిచారు. తరవాత జాతీయ పోటీలు. అందులో మూడు గెలిచి డిసెంబరు 20న వర్జీనియాలోని సేలం ఊళ్ళో ఫైనల్‌కి చేరారు. ఎదర ఉన్నది ఒహాయోకి చెందిన మౌంట్ యూనియన్. మూడో డివిజనులో అది సింహం. అప్పటికి మూడేళ్ళుగా వాళ్ళే చాంపియన్లు, వరసగా 55 ఆటల్లో ఓటమి ఎరగరు. 2000లో ఇదే ఫైనల్లో సెయింట్ జాన్స్‌ని ఆఖరి క్షణాల్లో 10–7తో ఓడించినవాళ్ళు. పందెం కాసేవాడెవడూ సెయింట్ జాన్స్ మీద కాయడు.

ఆ రోజు బ్లేక్ ఇలియట్ అనే కుర్రాడు బంతి పట్టుకుంటే ఎదుటివాళ్ళకి చిక్కలేదు. ఆ డివిజనులో ఏటా మేటి ఆటగాడికి ఇచ్చే ట్రోఫీకి 1993 నుంచీ గలార్డీ గారి పేరే పెట్టారు. ఆ ఏడాది దాన్ని అందుకున్నది ఆయన శిష్యుడు ఇలియట్. ఇక ఆట ఆఖరి ఘట్టంలో మౌంట్ యూనియన్ వాళ్ళు గీత దగ్గరదాకా తోసుకొచ్చారు. బంతి విసిరారు. సెయింట్ జాన్స్ కుర్రాడొకడు మధ్యలో దాన్ని అందుకుని మైదానం ఈ కొస నుంచి ఆ కొసకి, పూర్తిగా నూరు గజాలు పరిగెత్తాడు. 24–6. ఆడిన 14కి 14 ఆటలూ గెలిచి జాతీయ చాంపియన్లయ్యారు.

“ఆ కుర్రాడు నూరు గజాలు పరిగెత్తగలిగాడంటే, అప్పటిదాకా ప్రాక్టీసులో వాడి కాళ్ళు మేం విరగ్గొట్టుకోకపోవడం వల్లే” అన్నాడు మన మిత్రుడు. సరదాగా అన్నా అందులో నిజం ఉంది. ప్రాక్టీసులో ఒకళ్ళనొకళ్ళు పడేసుకోకపోతే డిసెంబరు నాటికి కాళ్ళూ చేతులూ బాగుంటాయి, ఆడాలనే ఆకలీ మిగిలి ఉంటుంది. తరవాత పెద్ద కాలేజీలూ ఈ దారికే వచ్చాయి. డార్ట్‌మత్ కాలేజీ 2010లో ప్రాక్టీసులో పడెయ్యడం మానేసింది. 2016లో హార్వర్డ్, యేల్ ఉన్న ఐవీ లీగ్ అంతా సీజను నడుస్తున్నంతకాలం మానేసింది. తలకి తగిలే దెబ్బల గురించి డాక్టర్లు చెప్పాక వాళ్ళు మానుకున్నారు. గలార్డీ గారు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే, పిల్లల మీద జాలితో మానుకున్నారు.

అక్టోబరులో ఒక శనివారం ఆ మిత్రుడు మమ్మల్ని అక్కడికి ఆటకి తీసుకెళ్ళాడు. గలార్డీ గారిని దూరం నుంచే చూశాను. గీత పక్కన నిలబడ్డ ఒక పెద్దాయన. చేతిలో ఏమీ లేదు. మెడలో ఈల కూడా లేదు. అదే ఆయన ఆఖరి సీజను అని అప్పుడు మాకు తెలియదు. ఆ నవంబరులో విరమించుకున్నారు. 489 గెలుపులు, 138 ఓటములు, 11 సమానం. నాలుగు జాతీయ చాంపియన్‌షిప్పులు. 2018 అక్టోబరులో, 91 ఏళ్ళ వయసులో కాలం చేశారు.

ఇక నా సంగతి. ఇది చెప్పడానికే మీ ముందుకొచ్చాను.

నేను 1971లో మన జిల్లాలోనే ఒక చిన్న డిగ్రీ కాలేజీలో చేరాను. నా జట్టూ చిన్నదే. పదహారు మంది పిల్లలు, రెండు బంతులు, నాలుగు జతల బూట్లు. నా దగ్గర ఈల ఉండేది. ఇంటర్ కాలేజియేట్ పోటీల్లో రెండుసార్లు ఫైనల్ దాకా వెళ్ళాం. ‘పి.డి. గారొస్తున్నారు’ అంటే కారిడారు ఖాళీ అయ్యేది. అదే నా క్రమశిక్షణకి నిదర్శనం అనుకుని మురిసిపోయేవాణ్ణి.

1978లో నా జట్టులో ఒక కుర్రాడుండేవాడు. పేరు చెప్పను. తొమ్మిది కిలోమీటర్ల దూరం నుంచి సైకిలు మీద వచ్చేవాడు. ఎడమ కాలితో వాడు కొట్టినట్టు ఆ జిల్లాలో కొట్టేవాడు లేడు. ఒక రోజు ప్రాక్టీసుకి అరగంట ఆలస్యంగా వచ్చాడు. ఎందుకని నేను అడగలేదు. పది రౌండ్లు అన్నాను. సెప్టెంబరు ఉక్క. ఆరో రౌండులో ఆగి, నీళ్ళు తాగొస్తానండీ అన్నాడు. రౌండ్లు అయ్యాకే అన్నాను. ఎనిమిదో రౌండులో పడిపోయాడు. తోటి పిల్లలు మొహాన నీళ్ళు కొట్టి లేపారు. మర్నాడు ప్రాక్టీసుకి రాలేదు. ఆ ఏడాది చివర కాలేజీ కూడా మానేశాడు. నేను రిజిస్టర్లో వాడి పేరు మీద ఎర్రగీత గీసి, పౌరుషం లేనివాడు పోతే పోనీ అన్నాను. అలా అన్న సంగతి నాకు బాగా గుర్తుంది.

అమెరికాలో ఆ శనివారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో 1943లో పదహారేళ్ళ పిల్లవాడికి అర్థమైన విషయం నాకు డిగ్రీ, ట్రైనింగు, 34 ఏళ్ళ సర్వీసు ఉండి కూడా అర్థం కాలేదు. మా ఇంటావిడని లేపి చెప్పాను. “అయితే వెళ్ళి చూసి రండి, ఎక్కడో ఉంటాడుగా” అంది.

ఇండియా వచ్చాక వాకబు చేస్తే దొరికాడు. ఆర్టీసీలో కండక్టరు. అప్పటికి యాభై దాటినవాడు. 2013 సంక్రాంతి తరవాత వాళ్ళ ఇంటికి వెళ్ళాను. “మాస్టారూ, మీరా!” అని గబగబా కుర్చీ వేశాడు. వాళ్ళావిడ లోపలినుంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకున్నాను గాని తాగలేకపోయాను. వచ్చిన పని ముందు చెప్పాను. నీకు అన్యాయం చేశాను నాయనా అన్నాను.

అతను కాసేపు మాట్లాడలేదు. తరవాత, “రౌండ్లు నేను మర్చిపోయానండీ. పొలం పని చేసేవాణ్ణి, నాకు పరుగొక లెక్కా? ఆ రోజు మా నాన్నని ఆస్పత్రిలో చేర్పించి వచ్చాను. ఎందుకు ఆలస్యమైందని మీరు అడుగుతారనుకున్నాను. అడగలేదు. అదొక్కటే మిగిలిపోయిందండీ” అన్నాడు.

అంతే అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని వచ్చేశాను.

మిత్రులారా, ఈ హాల్లో ఎన్నో శాఖల నుంచి వచ్చినవాళ్ళం ఉన్నాం. అందరి మెడలోనూ ఈల లేకపోవచ్చు. కాని ఒకళ్ళ చేతిలో మెమో ఉండేది, ఒకళ్ళ బల్ల మీద కాలింగ్ బెల్లు ఉండేది, ఒకళ్ళ చేతిలో హాజరు పట్టీ, ఎర్ర సిరా ఉండేవి. అవి లేకుండా ఆఫీసులు నడవవని నాకు తెలుసు. గలార్డీ గారి పద్ధతి యథాతథంగా తెచ్చి మన కచేరీల్లో పెట్టమని నేను అనడం లేదు. గడ్డి మీద పడుకుని ఆకాశం చూడమంటే ఫైళ్ళు కదలవు. ఎక్స్‌ప్లనేషన్ కాల్‌ఫర్ చెయ్యడానికి ముందు, ఏమైందయ్యా అని ఒక్కసారి నోటితో అడిగి ఉండాల్సింది అని మాత్రం అంటున్నాను. అడగనివాళ్ళలో నేనే మొదటివాణ్ణి.

మన సర్వీసు అయిపోయింది, ఇప్పుడేం చేస్తాం అంటారు. ఇళ్ళల్లో మనవలున్నారు, కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్నారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు అక్కడా ఉన్నారు. అడగడానికి ఇంకా అవకాశం ఉంది.

చివరిగా ఒక్క విషయం చెప్పి ముగిస్తాను. ఆ కుర్రాడు, కుర్రాడేమిటి, ఆయన కూడా ఇప్పుడు రిటైరయ్యాడు. నేను వెళ్ళొచ్చిన రెండేళ్ళకి ఒక రోజు తనే మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ ఊరి హైస్కూలు పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పేవాళ్ళు లేరనీ, నేను వస్తే బాగుంటుందనీ అన్నాడు. ఒంట్లో బాగున్నంతకాలం ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు మోకాళ్ళు సహకరించక నెలకోసారి వెళుతున్నాను. ఎడమ కాలితో ఎలా కొట్టాలో ఆయన చూపిస్తాడు, నేను వేప చెట్టు కింద కుర్చీలో కూర్చుంటాను. పక్కన నీళ్ళ బిందె ఉంటుంది. పిల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి తాగి వెళతారు.

 టైము రెండు నిమిషాలు దాటింది, అధ్యక్షుల వారు మన్నించాలి.